వాచీ మీద గీతలు: బంగారం, ప్లాటినం, వెండిని పోల్చి చూసే పద్ధతి

కంసాలి గీటురాయి మీద నగను రుద్దినప్పుడు గీత పడేది రాయికి కాదు. రాయి కంటే మెత్తనిదైన బంగారమే కాస్త అరిగి, ఆ నల్లని రాతి మీద పసుపు జాడగా మిగులుతుంది. ఆ జాడ రంగును బట్టి కంసాలి వన్నె చెబుతాడు గాని, గట్టిదనం గురించి అక్కడ ఏమీ తేలదు. బంగారు వాచీయో ప్లాటినం వాచీయో కొనదలచినవారికి కావలసినది మాత్రం ఆ రెండవ సంగతే: రోజూ చేతికి పెట్టుకుంటే దేని మీద గీతలు తక్కువ పడతాయి, పడిన గీతలు దేని మీద ఎక్కువగా కనిపిస్తాయి, వాటిని పోగొట్టుకోవడానికి ఎంత లోహం వదులుకోవాలి? దుకాణంలో ఈ ప్రశ్నలన్నిటికీ కలిపి ఒక కాఠిన్య సంఖ్యను జవాబుగా చెప్పడం రివాజు. ఆ సంఖ్య అబద్ధం కాదు, కాని పోలికలో అది మొదటి మెట్టు మాత్రమే. మిగిలిన మెట్లను ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందు ముద్ర చదవాలి

"బంగారం", "ప్లాటినం" అనే మాటలతో పోలిక మొదలుపెడితే అది ఎటూ తేలదు, ఎందుకంటే వాచీలో ఉండేది ఎప్పుడూ మిశ్రమ లోహమే. కేసు (వాచీ యంత్రాన్ని పొదిగి ఉంచే లోహపు డబ్బా) వెనుక మూత మీద గాని, పట్టీని పట్టి ఉంచే కొమ్ముల అడుగున గాని చెక్కిన అంకెను భూతద్దంతో చూడండి. 750 అని ఉంటే వెయ్యి పాళ్ళలో 750 పాళ్ళు బంగారం, అంటే 18 క్యారెట్లు. 950 అని ఉండి పక్కన ప్లాటినం గుర్తు ఉంటే నూటికి 95 పాళ్ళు ప్లాటినం. 925 అయితే వెండి. స్విట్జర్లాండ్‌లో అధికారికంగా పరీక్షించిన కేసు మీద 1995 నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల ముద్ర వేస్తున్నారు. మన దేశపు హాల్‌మార్క్‌లో 22 క్యారెట్ల నగకు 916, 18 క్యారెట్లకు 750 అని ఉండటం తెలుగువారి ఇళ్ళలో అందరికీ తెలిసినదే.

గీతల విషయంలో నిర్ణయించేది బంగారం పాలు ఎంత అన్నది మాత్రమే కాదు, మిగిలిన పాలు ఏమిటన్నది కూడా. 750 ముద్ర ఉన్న పసుపు బంగారంలో మిగిలిన పావు వంతు వెండి, రాగి. ఎర్ర బంగారంలో ఆ పావు వంతులో చాలా భాగం రాగి. తెల్ల బంగారంలో పల్లాడియం ఉండవచ్చు, నికెల్ ఉండవచ్చు. నికెల్ కలిసినది పల్లాడియం కలిసిన దాని కంటే బాగా గట్టిగా ఉంటుంది, అయితే కొందరి చర్మానికి నికెల్ పడదు. ప్లాటినంలోనూ అంతే. మిగిలిన 5 పాళ్ళు ఇరిడియం అయితే ఒక రకం, రుథీనియం గాని కోబాల్ట్ గాని అయితే ఇంకొక రకం. కాబట్టి అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న "ఇది ఏ లోహం" అని కాదు, "ఇందులో కలిపినది ఏమిటి" అని.

కంపెనీలు తమ మిశ్రమాలకు పెట్టుకున్న ప్రత్యేకమైన పేర్లను చూసి గట్టిదనాన్ని ఊహించుకోకూడదు. రోలెక్స్ 2005లో తెచ్చిన ఎవరోజ్‌లో కొద్దిగా ప్లాటినం, ఒమేగా వారి సెడ్నా గోల్డ్‌లో పల్లాడియం కలపడానికి ముఖ్య కారణం ఎరుపు రంగు కాలక్రమేణా వెలిసిపోకుండా ఉండటం. అది మంచి గుణమే, కాని గీతలకు సంబంధించిన గుణం కాదు. ఎ. లాంగె ఉంట్ జూనె సంస్థ 2010లో తెచ్చిన హనీగోల్డ్ వంటివి మాత్రం రంగుతో పాటు గట్టిదనం కోసం కూడా ప్రత్యేకంగా చేసినవి.

కాఠిన్య సంఖ్యను చదివే తీరు

వాచీ లోహాల మాట వచ్చినప్పుడు చెప్పేది ఎక్కువగా వికర్స్ సంఖ్య. ఇంగ్లండ్‌లోని వికర్స్ కంపెనీలో స్మిత్, శాండ్‌లాండ్ అనే ఇద్దరు 1921లో ఈ పరీక్షను రూపొందించారు. ఎదురెదురు ముఖాల మధ్య 136 డిగ్రీల కోణం ఉండేలా చెక్కిన చిన్న వజ్రపు మొనను తెలిసిన బరువుతో లోహంలోకి నొక్కి, కొన్ని సెకన్లు ఉంచి తీసి, మిగిలిన నాలుగు పలకల గుంట కర్ణాలను సూక్ష్మదర్శినిలో కొలుస్తారు. గుంట చిన్నదైతే సంఖ్య పెద్దది. గమనించవలసినది ఏమిటంటే, ఇది నొక్కి చేసే పరీక్ష, గీసి చేసేది కాదు. సొట్ట గురించి నేరుగా చెబుతుంది, గీత గురించి చుట్టుతిరిగి చెబుతుంది.

ఖనిజాలకు వాడే మోస్ కొలబద్దను ఇక్కడ పక్కన పెట్టడం మంచిది. 1812 నాటి ఆ పద్ధతిలో 1 నుంచి 10 వరకు ఉన్నవి వరుస క్రమాలే గాని సమానమైన మెట్లు కావు. 9వ స్థానంలోని నీలం రాయికీ 10వ స్థానంలోని వజ్రానికీ ఉన్న దూరం, 1కీ 9కీ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ. బంగారం, వెండి రెండూ అందులో రెండున్నరకూ మూడుకూ మధ్య వస్తాయి; ఆ పాటి తెలివిడితో రెండు వాచీల మధ్య తేడా చెప్పలేము.

వికర్స్ సంఖ్యల్లో సుమారు లెక్క ఇలా ఉంటుంది. కాల్చి మెత్తబరచిన మేలిమి బంగారం 20 నుంచి 30. అదే స్థితిలో మన నగల 22 క్యారెట్ల బంగారం 50 నుంచి 70 వరకు. స్టెర్లింగ్ వెండి, అంటే 925 ముద్ర ఉన్నది, 70 దరిదాపు. 18 క్యారెట్ల పసుపు బంగారం 150 చుట్టుపక్కల. నికెల్ కలిసిన తెల్ల బంగారం 200 దాటుతుంది. 950 ప్లాటినంలో ఇరిడియం రకం 80, రుథీనియం రకం 130. వాచీల్లో వాడే, 316ఎల్ అనే రకం తుప్పు పట్టని ఉక్కు 150కీ 200కీ మధ్య. ఈ వరుసను చూసి ఆశ్చర్యపోయేవారు చాలామంది ఉంటారు. ప్లాటినం 18 క్యారెట్ల బంగారం కంటే గట్టిది కాదు. మంచి బంగారు కేసు, మామూలు ఉక్కు కేసు గట్టిదనంలో దాదాపు ఇరుగుపొరుగులు. బంగారు వాచీ అనగానే భయపడటం 22 క్యారెట్ల గాజుల అనుభవం నుంచి వచ్చిన అలవాటు.

ఈ సంఖ్యల పక్కన లోహం ఏ స్థితిలో ఉందో రాసి ఉండాలి. తీగ లాగుతున్నకొద్దీ బంగారం బిరుసెక్కుతుందనీ, మధ్యలో కాల్చకపోతే తెగుతుందనీ కంసాలి పని చూసినవారికి తెలుసు. కేసు విషయమూ అదే. అచ్చులో పోతపోసిన కేసు కంటే, యంత్రంతో పలుమార్లు మొత్తి ఆకారం తెచ్చిన కేసు గట్టిగా ఉంటుంది. 18 క్యారెట్ల పసుపు బంగారం ఆ విధంగా 200 దాటగలదు. రాగి ఎక్కువగా ఉన్న ఎర్ర బంగారాన్ని తగిన వేడిలో కొంతసేపు ఉంచితే బంగారం, రాగి పరమాణువులు ఒక వరుసలో సర్దుకొని, లోహం ఇంకా బిరుసెక్కుతుంది. కాబట్టి ఒకరి పత్రంలోని మెత్తబరచిన స్థితి సంఖ్యను మరొకరి పత్రంలోని బిరుసెక్కిన స్థితి సంఖ్యతో పోల్చితే, ఇద్దరూ నిజమే చెప్పినా పోలిక అబద్ధమవుతుంది.

వర్గమూలం చెప్పే నిజం

ఇప్పుడు అసలు లెక్క. గట్టి మొన ఒకటి ఒకే బరువుతో రెండు లోహాలను గీసిందనుకుందాం. గీత వెడల్పు కాఠిన్యానికి నేరుగా విలోమంగా కాక, దాని వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. అంటే కాఠిన్యం నాలుగింతలైతే గాని గీత సగానికి సన్నబడదు. 150 సంఖ్య ఉన్న 18 క్యారెట్ల బంగారం మీద 100 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు గీత పడిందనుకుంటే, అదే మొన అదే బరువుతో 200 ఉన్న లోహం మీద సుమారు 87 మైక్రాన్లు, 130 ఉన్న ప్లాటినం మీద 107, 80 ఉన్న ప్లాటినం మీద 137, మేలిమి బంగారం మీద దాదాపు 245 మైక్రాన్ల గీత గీస్తుంది. 100కీ 87కీ తేడాను మామూలు కంటితో పట్టడం కష్టం. 150, 200 అన్న సంఖ్యలు పక్కపక్కన చదివినప్పుడు మూడో వంతు లాభంగా తోచినది, చేతి మీద అంత లాభంగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఆ లెక్కలో బరువు కూడా ఉందని మరచిపోకూడదు. 950 ప్లాటినం సాంద్రత ఘన సెంటీమీటరుకు 20 గ్రాములకు పైగా ఉంటుంది, ఉక్కుది 8 గ్రాములు. ఒకే ఆకారపు కేసు ప్లాటినంతో చేస్తే ఉక్కు కేసుకు రెండున్నర రెట్ల బరువు తూగుతుంది. తలుపు గడియకు చేయి తగిలినప్పుడు బరువైన వాచీ తన బరువుతోనే దెబ్బను పెంచుకుంటుంది. ప్లాటినం వాచీల అంచుల మీద గీతల కంటే చిన్న చిన్న సొట్టలు ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

నాగలి చాలు, సబ్బు పొట్టు

గీత వెడల్పు తెలిసినంత మాత్రాన పోలిక పూర్తి కాదు. గీత పడిన చోట ఉన్న లోహం ఎటు పోయిందో కూడా చూడాలి. ఒక సబ్బు బిళ్ళ మీద, ఒక మైనపు ముద్ద మీద గోటితో గీసి చూడండి. సబ్బు పొట్టుగా రాలిపోతుంది. మైనం రాలదు, దున్నిన పొలంలో నాగలి చాలుకు రెండు పక్కలా మట్టి లేచినట్టు, గీతకు రెండు పక్కలా గట్టు కడుతుంది. వాచీ లోహాల్లో బంగారు మిశ్రమాలు కొంత పొట్టును వదులుతాయి, ప్లాటినం ఎక్కువగా గట్టు కడుతుంది. ప్లాటినం "అరగదు" అనే మాటలో ఉన్న నిజం ఇదే: గీత పడదని కాదు, పడినా లోహం చాలా భాగం అక్కడే మిగులుతుందని.

ఒకసారి రెండు వాడిన వాచీలను కిటికీ పక్కన పెట్టి, పది రెట్ల భూతద్దంతో చూశాను. ఎర్ర బంగారు కేసు పక్క మీది గీత పదునైన సన్నని కాలువలా, అడుగు భాగం మెరుస్తూ కనిపించింది. వాచీని కాస్త తిప్పగానే ఆ మెరుపు మాయమైంది. ప్లాటినం కేసు మీది గీత అంత లోతుగా లేదు, కాని దాని గట్లు రెండు వైపుల నుంచి వెలుగును పట్టుకొని, ఏ కోణంలో తిప్పినా బూడిద రంగు చారగా కనిపిస్తూనే ఉంది. ఇటువంటి చారలు వందల కొద్దీ ఒకదాని మీద ఒకటి పడిన తర్వాత ప్లాటినానికి పట్టులాంటి మసక మెరుపు వస్తుంది. దాన్ని ఇష్టపడేవారు ఉన్నారు. నా మటుకు నాకు, అద్దంలా మెరిసే ప్లాటినం కొని ఆ మసకను చూసి బాధపడటం కంటే, మొదటే మసక మెరుగు ఉన్నది కొనుక్కోవడం మేలనిపిస్తుంది.

పై పొరను, మెరుగును వేరు చేసి చూడాలి

తెల్ల బంగారం వాచీల్లో కొన్నిటికి పైన రోడియం పూత ఉంటుంది. రోడియం పూత చాలా గట్టిది, కాని దాని మందం తరచుగా ఒక మైక్రాను కూడా ఉండదు. వెనుకటి ఉదాహరణలోని గీత ముందు అది నిలవదు. మెత్తని బురద మీద ఎండి పెళుసెక్కిన పొర కాలు వేయగానే పగిలినట్టు, అడుగున ఉన్న లోహం కుంగితే పై పూత కూడా పగులుతుంది. ఆ చోట అడుగు లోహపు లేత పసుపు ఛాయ బయటపడుతుంది. ఉక్కు మీద బంగారు రంగు గట్టి పూత వేసిన వాచీలు వేరే తరగతి. వాటి పూత కాఠిన్యాన్ని ఘన బంగారంతో పోల్చి "బంగారం కంటే పది రెట్లు గట్టిది" అని చెబితే, పోల్చినది లోహాన్ని కాదు, పొరను అని గుర్తుంచుకోవాలి.

మెరుగు సంగతికి వస్తే, ఒకే లోహంలో అద్దపు మెరుగుకూ, ఒకే దిశలో సన్నని చారలు దిద్దిన మెరుగుకూ మధ్య కనిపించే తేడా, చాలాసార్లు రెండు లోహాల మధ్య తేడా కంటే పెద్దది. చారల మెరుగు మీద అదే దిశలో పడిన గీత వాటిలో కలిసిపోతుంది, అడ్డంగా పడినది బయటపడుతుంది. అద్దపు మెరుగు మీద ఏదీ దాగదు. అందువల్ల అద్దపు మెరుగు ఉన్న బంగారు వాచీని చారల మెరుగు ఉన్న ఉక్కు వాచీతో పోల్చి, బంగారం మెత్తనిదని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

కంటితో పోల్చే క్రమం

దుకాణంలో గాని, స్నేహితుల వాచీలతో గాని పోల్చి చూసే అవకాశం దొరికితే, కొత్త వాచీలను కాక రెండు మూడేళ్ళు వాడినవాటిని ఎంచుకోండి. ఒకే రకం మెరుగు ఉన్న భాగాలనే, అదీ ఒకే చోట ఉన్నవాటినే పోల్చాలి. అన్నిటి కంటే ఎక్కువ దెబ్బలు తినేది పట్టీ కొక్కెం అడుగు భాగం, ఎందుకంటే రాసేటప్పుడు, టైపు చేసేటప్పుడు అది బల్లకు రాసుకుంటూ ఉంటుంది. తర్వాత కిరీటం (ముళ్ళను తిప్పే పక్క బుడిపె) ఉన్న వైపు కొమ్ములు, ఆ తర్వాత గాజు చుట్టూ ఉండే వలయం. దుమ్మును ముందు ఊది, తర్వాత మెత్తని పొడి గుడ్డతో తుడవండి. దుమ్ము ఉండగా తుడిస్తే తుడవడమే గీతలు పెడుతుంది. దీపం తలపైన ఉండకూడదు. ఒక పక్క నుంచి, పల్లంగా పడే వెలుగులో చూడాలి. వాచీని నెమ్మదిగా తిప్పుతూ, ఒకే కోణంలో మెరిసి మాయమయ్యే గీతలు ఎన్ని, ఏ కోణంలోనైనా కనిపించేవి ఎన్ని అని వేరువేరుగా లెక్కించుకోండి. మొదటి రకం తేలిగ్గా పోతాయి, రెండవ రకం పోవు. గోరు ఆనించి లాగితే గోటికి తగిలే గీత ఉంటే దాన్ని మూడవ రకంగా రాసుకోండి. గీసి పరీక్షించడం మాత్రం, సూదితోనైనా నాణెంతోనైనా, ఎంత చిన్నగానైనా చేయవద్దు. ఇక్కడ గీటురాయి పద్ధతి పనికిరాదు.

గీసేది ఏమిటి

లోహాన్ని గీసే వస్తువు దాని కంటే చెప్పుకోదగినంత గట్టిదైతేనే గీత పడుతుంది. ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్. దాని వికర్స్ సంఖ్య వెయ్యి దాటుతుంది. పైన చెప్పిన లోహాల్లో అన్నిటి కంటే గట్టిది కూడా దాని కాలి దగ్గర ఉంటుంది. కరీంనగర్ గోధుమ రంగు గ్రానైట్ పరిచిన వంటింటి గట్టులోనూ క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉన్నాయి కాబట్టి, దాని మీద చేయి ఆనించి పని చేసేటప్పుడు బంగారమైనా ఉక్కైనా ఒకటే. గాజు కూడా ఈ లోహాల కంటే గట్టిదే. వాచీ పెట్టుకున్న చేతికే మట్టి గాజులు వేసుకుంటే కేసు పక్క భాగం కొద్ది నెలల్లోనే మసకబారుతుంది. అమెరికన్ డైమండ్ రాళ్ళ గాజులైతే ఇంకా త్వరగా. వెండి సామాను తోమే విభూతి, పళ్ళపొడి, టూత్‌పేస్టు వాచీ మీద వాడవద్దు. అవన్నీ మెరుగు పెట్టేది సన్నగా గీసే.

ఇసుకకు ఎదురు నిలవాలంటే లోహం స్వభావాన్నే మార్చాలి. హబ్లో సంస్థ లోసాన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంతో కలిసి తయారుచేసి 2011లో ప్రకటించిన మ్యాజిక్ గోల్డ్ ఆ ప్రయత్నమే. సందులున్న బోరాన్ కార్బైడ్ సిరామిక్ దిమ్మలోకి కరిగిన బంగారాన్ని గొప్ప ఒత్తిడితో ఎక్కిస్తారు. బరువులో నూటికి 75 పాళ్ళు బంగారమే కాబట్టి 18 క్యారెట్ల ముద్ర పడుతుంది. కాఠిన్యం వెయ్యి దరిదాపుల్లో ఉంటుంది. మన వర్గమూలం లెక్కలో 100 మైక్రాన్ల గీత దాని మీద 39కి దిగుతుంది. దానికి చెల్లించే మూల్యమూ ఉంది: దాన్ని కోయాలన్నా దిద్దాలన్నా వజ్రపు పనిముట్లు కావాలి, మామూలు బంగారపు వెచ్చని పసుపు ఉండదు, రంగు కాస్త బూడిద వైపు మొగ్గుతుంది.

మెరుగు పెట్టించే ముందు

చివరి పోలిక, గీతను పోగొట్టడంలో. బంగారం మీది గీతను పోగొట్టాలంటే దాని చుట్టూ ఉన్న లోహాన్నంతా గీత అడుగు దాకా దించాలి. నాలుగైదు సార్లు అలా చేస్తే కొమ్ముల అంచులు మొద్దుబారి, ముద్ర కూడా సగం చెరిగిపోతుంది. మా ఇంట్లోని ఒక పాత బంగారు వాచీకి ఒక దుకాణంలో ఇలాగే జరిగింది. అద్దంలా మెరుస్తూ తిరిగి వచ్చింది, కాని కొమ్ముల మీది పదునైన వంపు అరిగి, నానిన సబ్బు బిళ్ళ అంచులా తయారైంది. ప్లాటినంలో గట్టు కట్టిన లోహాన్ని నునుపైన ఉక్కు పనిముట్టుతో తిరిగి చాలులోకి నెట్టే వీలు కొంత ఉంటుంది కాబట్టి తరుగు తక్కువ. అయితే ప్లాటినం పనిముట్టుకు అంటుకుంటుంది, మెరుగు మెట్టుమెట్టుగా ఎన్నో దశల్లో పెట్టాలి. కూలి, సమయం రెండూ ఎక్కువ, అందరికీ చేతకాదు. వెండి మెరుగు సులభం, కాని అది గీతలతో పాటు నలుపు కూడా ఎక్కుతుంది గనుక మరీ తరచుగా మెరుగు పెట్టవలసి వస్తుంది. రోజూ పెట్టుకునే వాచీకి నేను వెండిని ఎంచుకోను.

ఏ లోహమైనా సరే, మెరుగుకు ఇచ్చే ముందు కొమ్ముల ఫోటో పక్క నుంచి, పై నుంచి తీసి ఉంచుకోండి, వెర్నియర్ కొలబద్దతో కొమ్ము వెడల్పు కొలిచి రాసుకోండి. నగల దుకాణంలోని సన్నని తూకం మీద ఇచ్చే ముందొకసారి, తెచ్చుకున్నాక ఒకసారి తూయిస్తే తరుగు ఎంతో తెలుస్తుంది. తూయించేటప్పుడు పట్టీ విప్పి కేసు ఒక్కటే పెట్టాలి. లేకపోతే పట్టీ సందుల్లో చేరిన చెమట, మట్టి కూడా లెక్కలోకి వచ్చి, అవి కడిగించినందుకు తగ్గిన బరువును బంగారం తరుగుగా పొరపడతారు.